ఉప్పుగాలి తిన్న పాత పికప్‌కి ఇంటి దగ్గరే టింకరింగ్, పెయింటింగ్: ఎలా చేయాలి

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, బరంపురం వైపు బళ్లున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటే. "రంగు వేయించి ఏడాది కాలేదు, ఒక్క వానాకాలానికే బుడగలొచ్చాయి. రంగు మంచిది కాదా?" చాలాసార్లు తప్పు రంగుది కాదు. రంగు కింద ఉండిపోయిన ఉప్పుది. ఐసు వేసిన చేపల లోడు నీళ్లు తొట్టిలోకి కారతాయి, పైనుంచి ఏడాది పొడుగునా సముద్రపు గాలి. ఆ ఉప్పు తుప్పు గుంటల్లో దాక్కుంటుంది. దానిమీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఉప్పు గాల్లోని తేమను లోపలికి లాక్కుంటుంది, రంగు పైకి లేస్తుంది. అందుకే కింద చెప్పిన పనిలో సగానికి పైగా రంగు డబ్బా మూత తీయకముందే అయిపోతుంది.

బొలెరో పికప్, టాటా 207 లాంటి పని బళ్లని దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది. పొద్దున్నే కొబ్బరికాయలో జీడిపిక్కలో ఎత్తుకుని తిరిగే బండికి షోరూం మెరుపు అక్కర్లేదు. రేకు నిలవాలి, నీరు పట్టకూడదు.

ముందుగా తేల్చుకోండి

పాత స్క్రూడ్రైవర్ తీసుకుని బండి చుట్టూ, కిందా పొడిచి చూడండి. విండ్‌షీల్డ్ రబ్బరు కింది మూలలు, డోర్ల అడుగు అంచులు, కాళ్ల దగ్గర మ్యాటు కింది రేకు, చక్రాల పైనున్న మడతలు, క్యాబిన్ వెనక కింది మూలలు, తొట్టి అడుగు అడ్డపట్టీల మీద కూర్చునే చోట్లు తప్పకుండా చూడాలి. రేకులోకి దిగితే అతుకు పని. చాసిస్ పొడుగు పట్టీల్లో గానీ, క్యాబిన్ చాసిస్ మీద కూర్చునే చోట గానీ దిగితే ఇంటి పని వదిలేయండి. అది చాసిస్ పని తెలిసిన వెల్డర్ చూడాల్సిన సంగతి. దాన్ని రంగుతో కప్పితే లోడు మీద బండి నడుం విరుగుతుంది.

రంగు మార్చాలనుకుంటే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి. ఉన్న రంగే వేస్తే ఆ బెడద లేదు.

కాలం చూసుకోండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే ఈ తీరాన్ని కొట్టాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో బండి విప్పి కూర్చోకండి. డిసెంబరు సగం నుంచి మార్చి దాకా మంచి అదను. పొద్దుటి మంచు ఒక్కటే అప్పటి ఇబ్బంది, దానికి ఉపాయం ఉంది.

ఏ రంగు వేయాలి?

పీయూ (పాలియూరిథేన్) రంగు గట్టిదే, మెరుపూ నిలుస్తుంది. కానీ అది గట్టిపడడానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లనే రసాయనాలు ఉంటాయి. గన్‌తో కొట్టినప్పుడు ఆ పొగమంచు పీలిస్తే ఉబ్బసం పట్టుకోవచ్చు, ఒకసారి పట్టుకుంటే కొంచెం తగిలినా తిరగబెడుతుంది. ముక్కుకి కట్టిన తువ్వాలు దాన్ని ఆపదు. బయటి నుంచి మంచిగాలి అందించే మాస్కు లేకపోతే ఇంటి దగ్గర పీయూ కొట్టకండి. పక్కింటి పిల్లలు కూడా అదే గాలి పీలుస్తారని మరిచిపోవద్దు. పీయూయే కావాలంటే రేకు పని, ప్రైమర్ ఇంట్లో ముగించుకుని చివరి రంగుకి బూత్ ఉన్న షెడ్డుకి పంపండి. ఎనామిల్‌లో కలిపే హార్డెనర్లలో కూడా ఐసోసైనేట్ ఉంటుంది. డబ్బా మీద చదివి చూడండి.

ఇంటి దగ్గర కొట్టుకోవడానికి హార్డెనర్ లేని సింథటిక్ ఎనామిల్ చాలు. నెమ్మదిగా ఆరుతుంది, తెలుపు కొన్నేళ్లకి పసుపు తిరుగుతుంది. అయినా పని బండికి సరిపోతుంది, గీత పడితే మళ్లీ మీరే సరిచేసుకోవచ్చు.

కావలసినవి

- 4 అంగుళాల గ్రైండర్, దానికి 60, 80 నంబర్ల ఫ్లాప్ డిస్కులు, వైరు కప్పు బ్రష్
- టింకరింగ్ సుత్తి, డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ)
- 80, 120, 180, 320 నంబర్ల పొడి సాండ్ పేపర్. 400, 600 నంబర్ల వాటర్ పేపర్. పట్టుకోవడానికి జానెడు పొడవు చెక్క లేదా రబ్బరు బ్లాకు
- తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్, అర లీటరు
- పాలిస్టర్ పుట్టీ 2 కిలోలు, దాని హార్డెనర్. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ చిన్న డబ్బా
- రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్ 2 లీటర్లు, ప్రైమర్ సర్ఫేసర్ (రంగుకి ముందు సన్న గీతలు నింపే ప్రైమర్) 2 లీటర్లు
- క్యాబిన్‌కి, తొట్టి బయటి పక్కలకి కలిపి 4 లీటర్ల ఎనామిల్, అదే కంపెనీ చెప్పిన థిన్నరు
- సీమ్ సీలర్ (అతుకుల సందులు మూసే మందు) రెండు ట్యూబులు, అండర్‌బాడీ కోటింగ్
- కనీసం 2 హెచ్‌పీ కంప్రెసర్, నీటిని వేరుచేసే ఫిల్టరు, ప్రైమర్‌కి 1.8, రంగుకి 1.4 మి.మీ. నాజిల్
- కళ్లద్దాలు, నైట్రైల్ గ్లౌజులు, దుమ్ముకి ఎన్95 మాస్కు, స్ప్రేకి కార్ట్రిడ్జ్ మాస్కు
- మాస్కింగ్ టేపు, పాత పేపర్లు, ఉతికిన నూలు పంచె గుడ్డలు. పాలిస్టర్ చీర ముక్కలు వద్దు.

పని వరస

1. విప్పి, కడగండి

లైట్లు, అద్దాలు, వైపర్లు, హ్యాండిళ్లు, నంబరు ప్లేట్లు, మ్యాట్లు తీసేయండి. తీసిన ప్రతి స్క్రూని దాని సామానుతోపాటే ఒక కవరులో వేసి పేరు రాయండి. విప్పలేక టేపు వేసి సరిపెట్టిన రబ్బరు అంచు దగ్గరే రంగు మొదట లేస్తుంది.

కడిగే నీళ్లు చప్పగా ఉండాలి. తీరం ఊళ్లలో చాలా బోర్లు ఉప్పునీళ్లిస్తాయి. నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలిన నీళ్లతో కడిగితే తీసిన ఉప్పుని తిరిగి పూసినట్టే. కుళాయి నీళ్లో, మంచినీళ్ల బావి నీళ్లో తెచ్చుకోండి. గిన్నెలు తోమే లిక్విడ్‌తో రుద్ది, డోర్ల అడుగున, తొట్టి అడుగున నీళ్లు కారే రంధ్రాలన్నీ తీగతో పొడిచి, మడతల్లోకి పైపు పెట్టి మురికి రావడం ఆగేదాకా వదలండి. రెండు రోజులు ఎండలో ఆరనివ్వండి.

తర్వాత థిన్నరు గుడ్డతో జిడ్డు తుడవండి. ఒక చేత్తో తడి గుడ్డ, వెంటనే రెండో చేత్తో పొడి గుడ్డ. ఇది సాండ్ పేపర్ పట్టకముందే కావాలి, లేకపోతే జిడ్డు గీతల్లోకి దిగుతుంది. కిరసనాయిలు వాడకండి, అది తనే జిడ్డు మిగులుస్తుంది.

2. పాత రంగు ఏమిటో కనుక్కోండి

కనబడని చోట ఎన్‌సీ థిన్నరులో ముంచిన గుడ్డ ఒక నిమిషం పెట్టండి. రంగు కరిగి గుడ్డకి అంటితే ఎన్‌సీ. ముడతలు పడి లేస్తే ఎనామిల్. ఏమీ కాకపోతే కంపెనీ రంగో, పీయూయో. ముడతలు పడిందంటే దాని మీద ఎన్‌సీ సామాన్లు ఏవీ నేరుగా కొట్టకూడదు. ముందు ఎపాక్సీ వేయాలి, లేదా రేకు దాకా గీకాలి. ఇది చూసుకోకుండా కొట్టినవాళ్లే పది నిమిషాల్లో బానెట్ అంతా కాల్చిన అప్పడంలా లేచిందని ఫోన్ చేస్తారు.

3. తుప్పు తీయండి, ఉప్పు పోయిందో లేదో పరీక్షించండి

బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. గ్రైండర్ గార్డు తీయకండి, కళ్లద్దాలు లేకుండా పట్టకండి. వైరు బ్రష్ నుంచి తెగిన తీగ సూదిలా ఎగురుతుంది. పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి మాస్కు పెట్టుకోండి, రాలిన పొడిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో ఎత్తండి.

ఒక్క వైరు బ్రష్‌తోనే పని ముగించడం అందరూ చేసే తప్పు. అది తుప్పుని తీయదు, మెరుగు పెడుతుంది. నల్లగా నిగనిగలాడుతుంది గానీ గుంటల్లో అలాగే ఉంటుంది. ముందు 60 ఫ్లాప్ డిస్కు, తర్వాత 80. ఒకేచోట ఆపకండి, పల్చటి రేకు వేడెక్కి వంకర తిరుగుతుంది. తుప్పు కనబడిన చోటు నుంచి ఇంకో రెండంగుళాలు బయటికి గీకండి. చాసిస్ మీద చెక్కిన నంబరు జోలికి గ్రైండర్ పోకూడదు. అక్కడ పుట్టీ, మందపు రంగు కూడా వద్దు. ఫిట్‌నెస్‌లో దాన్ని చూస్తారు.

ఇప్పుడు పరీక్ష. గీకిన చోట మంచినీళ్లు చల్లి రాత్రంతా వదిలేయండి. పొద్దునకి రేకంతా సమానంగా పల్చగా ఎర్రబారితే ఫరవాలేదు, అది తడి తుప్పే. చుక్కలు చుక్కలుగా నల్లగానో ముదురు ఎరుపుగానో తేలితే ఆ గుంటల్లో ఉప్పుంది. మళ్లీ మంచినీళ్లతో బ్రష్ పెట్టి రుద్ది, ఆరాక గీకి, మళ్లీ తడపండి. చేపల లోడు తోలిన తొట్టికి ఇది మూడు నాలుగు సార్లు పట్టినా ఆశ్చర్యం లేదు. విసుగొచ్చేది ఇక్కడే. ఇక్కడ తొందరపడితే ఆ తర్వాత పడిన కష్టమంతా నీళ్లపాలు.

గుంటల్లో మిగిలిన కొద్దిపాటి తుప్పుకి రస్ట్ కన్వర్టర్ పూయండి. డబ్బా మీద చెప్పిన సమయం అయ్యాక, కడగమంటే కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, 80 పేపరుతో పైపైన రుద్దండి. యాసిడ్ మిగిలి ఉంటే ఎపాక్సీ సరిగా గట్టిపడదు.

4. చిల్లులకి అతుకు

చిల్లు మీద పుట్టీ పెట్టకండి. పాలిస్టర్ పుట్టీ వెనక నుంచి నీరు తాగుతుంది, ఒక వానాకాలంలో పెళ్లగా ఊడుతుంది. కుళ్లిన రేకుని గట్టి రేకు వచ్చేదాకా కోసేసి, అదే మందం సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు షీటు ముక్క పెట్టి సీఓటూ వెల్డింగ్ చేయించండి. మామూలు కడ్డీ వెల్డింగ్ పల్చటి క్యాబిన్ రేకుని కాల్చి చిల్లు పెద్దది చేస్తుంది. ఇంటి కప్పుకి మిగిలిన జీఐ (జింక్ పూత ఉన్న) రేకు వాడనివ్వకండి. దాని జింక్ పొగ పీలిస్తే జ్వరం తగులుతుంది, అతుకూ పట్టదు.

వెల్డర్‌కి చెప్పాల్సిన మాట ఒకటే: గీత లాగొద్దు, చుక్కలు పెట్టమనండి. అంగుళానికొక చుక్క, ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క, మధ్యలో చల్లారనిస్తూ. డీజిల్ ట్యాంకు, పైపుల దగ్గరైతే వాటిని విప్పి దూరం పెట్టాలి. పక్కన రెండు బక్కెట్ల ఇసుక ఉండాలి. వెల్డింగ్ దొరక్కపోతే భారం పడని చోట మాత్రమే ఎపాక్సీ పూసి, రివెట్లు కొట్టి, అంచంతా సీమ్ సీలర్ పెట్టవచ్చు. అతుకు వెనక వైపుకి కూడా ప్రైమర్ అందాలి.

5. సొట్టలు

వెనక డాలీ ఆనించి ముందు నుంచి సుత్తితో చిన్న దెబ్బలు. సొట్ట అంచుల నుంచి మొదలుపెట్టి నడిమికి రండి. నడిమిలో గట్టిగా ఒక్క దెబ్బ వేస్తే రేకు సాగి, నొక్కినప్పుడల్లా డబ్బా మూతలా టకటకలాడుతుంది. దాన్ని తిరిగి బిగించడం కొత్తవాళ్లకి కష్టం. రేకు అచ్చంగా సమానం కానక్కర్లేదు, 2 మి.మీ. లోపు పల్లం ఉంటే పుట్టీకి వదిలేయండి. కాస్త పల్లం ఉన్నా సరే, ఎత్తు మాత్రం మిగలకూడదు.

6. ఎపాక్సీ ప్రైమర్

గీకి తేలిన రేకుని అదే రోజు కప్పండి, రాత్రి మంచు తగలనివ్వద్దు. డబ్బా మీద రాసిన కొలతలోనే కలపండి, ఉజ్జాయింపు పనికిరాదు. కలిపాక ఎంతసేపు ఆగమంటే అంతసేపు ఆగండి. గ్లౌజులు, కార్ట్రిడ్జ్ మాస్కు తప్పనిసరి. పల్చగా రెండు కోట్లు. తొట్టి అడుగుకి, మడతలకి బ్రష్‌తో కూడా పూయొచ్చు, గన్ అందని మూలల్లో బ్రష్షే నయం. అతుకుల మీద సీమ్ సీలర్ దీని తర్వాత.

7. పుట్టీ

ఎపాక్సీ ఆరాక 80 పేపరుతో గరుకు చేసి పెట్టండి. 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాముల హార్డెనర్. ఎండాకాలంలో కొంచెం తగ్గించండి. ఎక్కువ వేస్తే త్వరగా బిగుస్తుంది నిజమే, కానీ మిగిలిన హార్డెనర్ నెల తర్వాత తెల్ల రంగులోంచి పసుపు మచ్చగా పైకొస్తుంది. ఒకేసారి నిమ్మకాయంత కలపండి, నాలుగైదు నిమిషాల్లో అయిపోవాలి. గుండ్రంగా తిప్పి కలిపితే గాలి చేరి సూది రంధ్రాలు వస్తాయి, పలక మీద నొక్కుతూ కలపాలి.

మొత్తం మందం 3 మి.మీ. దాటకూడదు. 80 తో మొదలుపెట్టి 120, 180 కి పోండి. ఎప్పుడూ బ్లాకుతో, ఏటవాలుగా, అటోసారి ఇటోసారి. ఉత్త వేళ్లతో రుద్దితే వేళ్ల పల్లాలు మెరుపులో కనబడతాయి. పుట్టీని నీళ్లు పెట్టి గీకే అలవాటు చాలా షెడ్లలో ఉంది. మీరు చేయకండి. అది స్పంజిలా నీరు పట్టి తర్వాత బుడగై లేస్తుంది. పొడిగానే గీకాలి.

చూసుకోవడం ఎలా: అరచేతికీ రేకుకీ మధ్య పల్చటి నూలు గుడ్డ పెట్టి కళ్లు మూసుకుని నిమరండి. కంటికి కనబడని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు చిన్న అయస్కాంతంతో పాత పనిని కూడా చూడొచ్చు. అంటుకోని చోట కింద పుట్టీ దండిగా ఉంది, తీసేసి మళ్లీ చేయాలి.

8. సర్ఫేసర్

రెండు మూడు కోట్లు, కోటుకీ కోటుకీ పది పదిహేను నిమిషాలు. ఆరాక నల్ల స్ప్రేని దూరం నుంచి తుంపరగా చల్లి, 400 వాటర్ పేపరుతో మంచినీళ్లు పెట్టి రుద్దండి. నలుపు మిగిలిన చోటు పల్లం. రేకు తేలిన చోటు ఎత్తు. సూది రంధ్రాలకి ఎన్‌సీ పుట్టీ పల్చగా, గోటి మందం కూడా మించకుండా. చివరికి 600. పుట్టీ తేలితే అక్కడ నీళ్లు ఆపేసి, ఆరనిచ్చి, మళ్లీ సర్ఫేసర్ కొట్టండి.

బూడిద రంగు ప్రైమర్‌తో బండిని వారాలపాటు తిప్పకండి. సర్ఫేసర్ తేమని లోపలికి వదులుతుంది. ఆపాల్సి వస్తే ఎపాక్సీ దశలో ఆపండి.

9. చోటు, వేళ, మాస్కింగ్

పశువుల శాల, వడ్ల కళ్లం పక్కన వద్దు, ఊక ఎగిరి పడుతుంది. మూడు వైపులా టార్పాలిన్ కట్టి, ఒక వైపు గాలికి వదిలి, నేల తడపండి. లోపల పొయ్యి, బీడీ, వెల్డింగ్ ఏవీ ఉండకూడదు. పేపరు ఒక పొర వేస్తే రంగు ఊరి కిందికి దిగుతుంది, రెండు పొరలు వేయండి.

పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి, సముద్రపు గాలి జోరందుకునేలోగా ముగించండి. తేమ ఎక్కువుందా అనేది ఇలా చూడండి: నీడలో ఉన్న రేకు మీద తడిగుడ్డతో ఒక చార గీయండి. ఐదు నిమిషాల్లో ఆరకపోతే ఆ పూట మానేయండి. తేమ చూపించే చిన్న మీటరుంటే 80 శాతం పైన కొట్టకండి. రాత్రి బయట నిలిచిన బండి మీద మళ్లీ ఉప్పు పొర పడుతుంది కాబట్టి కొట్టే ముందు మంచినీళ్ల గుడ్డతో తుడిచి, ఆరాక థిన్నరు గుడ్డతో మరోసారి తుడవాలి. ఆ తర్వాత ఉత్తచేత్తో ముట్టుకోవద్దు. తలకి రాసిన కొబ్బరినూనె వేలికంటినా అక్కడ రంగు చేపకన్నులా విడిపోతుంది.

10. రంగు

కంప్రెసర్ ట్యాంకు కింది నాబు తిప్పి నీళ్లు వదిలేయండి. రంగుని సన్నటి జాలీలో వడకట్టండి. ఫోర్డ్ కప్ నంబర్ 4 (రంగు చిక్కదనం కొలిచే, అడుగున రంధ్రమున్న కప్పు) లో 18 నుంచి 22 సెకన్లలో కారేలా థిన్నరు కలపండి. కప్పు లేకపోతే పుల్ల ముంచి ఎత్తినప్పుడు ధార తెగకుండా పల్చగా కారి, చివర్లో చుక్కలవ్వాలి. గాలి 40 నుంచి 45 పీఎస్ఐ. ముందు అట్ట మీద కొట్టి చూసుకోండి.

గన్ రేకుకి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో, నిటారుగా, కదులుతూనే ట్రిగ్గర్ నొక్కండి, కదులుతూనే వదలండి. మణికట్టు తిప్పితే చివర్లు పల్చబడతాయి, మోచేయి కదలాలి. ప్రతి చార ముందు చారలో సగం మీద పడాలి. వరస: డోర్ల లోపలి అంచులు, తర్వాత పైకప్పు, బానెట్, పక్కలు, చివరికి తొట్టి.

మొదటి కోటు పల్చగా, కింద ప్రైమర్ కొంచెం కనబడినా సరే. పదిహేను ఇరవై నిమిషాలకి వేలు తగిలిస్తే జిగురుగా ఉండి అంటకపోతే రెండోది నిండుగా. మూడోది కావాలనిపిస్తే ఆ రోజు వద్దు, రేపు కూడా వద్దు. సగం ఆరిన ఎనామిల్ మీద కొడితే ముడతలు లేస్తాయి. వారం ఆగి, 600 తో రుద్ది కొట్టండి.

11. తొట్టి అడుగు, కింది భాగం

తొట్టిలో మెరుపు కోసం చూడకండి. ఎపాక్సీ రెండు కోట్లకి మరొకటి కలిపి, పైన ఎనామిల్. కింద అండర్‌బాడీ కోటింగ్ శుభ్రమైన, ప్రైమర్ వేసిన రేకు మీదే. మట్టి మీద, తుప్పు మీద పూస్తే నీటిని బంధించి రెట్టింపు వేగంతో తింటుంది. నీళ్లు కారే రంధ్రాలకి అగ్గిపుల్లలు గుచ్చి పూయండి, ఆరాక లాగేయండి. సైలెన్సర్, బ్రేకు డ్రమ్ములు, ప్రొపెల్లర్ షాఫ్టు కప్పాలి. డోర్ల లోపల, మూసిన పట్టీల లోపల కావిటీ వ్యాక్స్ (లోపలి తుప్పుని ఆపే మైనం) కొట్టండి. ఇది రంగు అంతా అయ్యాకే, ముందు కొడితే ఆ జిడ్డు రంగుని చెడగొడుతుంది.

ఏం తప్పింది? ఎందుకు?

నారింజ తొక్కలా ఉంటే రంగు చిక్కగా ఉంది, లేదా గన్ దూరమైంది. కారితే దగ్గరైంది, లేదా చెయ్యి నెమ్మదించింది. కారిన చుక్కని తడిమీద ముట్టుకోకండి, వారం ఆరాక 600 తో బ్లాకు పెట్టి దించండి. ఎన్‌సీ కొట్టినవాళ్లకి తెల్లటి పొగ పట్టినట్టుంటే గాల్లో తేమ, ఎండ వచ్చాక రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసేది) కలిపిన థిన్నరు పల్చగా కొడితే చాలావరకు పోతుంది. చేపకన్నులకి మీద మీద రంగు కొట్టి కప్పాలని చూడకండి. ఆరనిచ్చి, గీకి, జిడ్డు తుడిచి మళ్లీ కొట్టాలి. డాష్‌బోర్డు పాలిష్ స్ప్రేలోని సిలికాన్ కూడా అదే పని చేస్తుంది, పెయింటు జరిగే వారం ఆ డబ్బా పెరట్లోకి రానివ్వద్దు. నెలల తర్వాత చిన్న చిన్న బుడగలొస్తే ఒకటి గుచ్చి చూడండి. లోపల తడి, కింద తుప్పు చుక్క కనిపిస్తే మూడో అంకె పని సగంలో ఆగిందన్నమాట.

వారం తర్వాత సీటు వెనకలాంటి కనబడని చోట బ్లేడుతో 2 మి.మీ. ఎడంతో అడ్డంగా, నిలువుగా ఆరేసి గీతలు గీసి, టేపు గట్టిగా అంటించి ఒక్కసారిగా లాగండి. గళ్లు ఊడి వస్తే ఏ పొర దగ్గర ఊడిందో చూడండి. రేకు మెరుస్తూ కనిపిస్తే కింద తుడవడం చాల్లేదు. ప్రైమర్ కనిపిస్తే దాన్ని గరుకు చేయకుండా రంగు కొట్టారు.

రబ్బర్లు, లైట్లు మూడు రోజుల తర్వాతే బిగించండి. రిఫ్లెక్టర్ టేపులు ముందు తెల్లవి, పక్కల పసుపు, వెనక ఎర్రవి. రంగు గట్టిపడ్డాక, రెండు వారాలాగి అంటించండి, ఆత్రపడితే టేపు కింద రంగు మెత్తగా ఉండిపోతుంది. మొదటి నెల షాంపూ, పాలిష్ వద్దు, మంచినీళ్లు చాలు. చేపల లోడు దించిన ప్రతిసారీ, అదే రాత్రి, తొట్టిని మంచినీళ్లతో కడిగి, డాలా (తొట్టి వెనక తలుపు) దించి, బండిని వెనక్కి వాలుగా నిలపండి.